హనుమంతుని తోలుబొమ్మను పరీక్షించు విధము

గత విద్యాసంవత్సరమున దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన మొదటి వారమునందే ఎనిమిదవ తరగతిలో నొక వివాదము పుట్టెను. ఒక విద్యార్థికి విదేశమునందున్న మేనమామ యొక వీరుని బొమ్మను కానుకగా పంపియుండెను. నేటి బాలురు అట్టివానిని సూపర్ హీరో బొమ్మలందురు. జానెడు పొడవు గల ప్లాస్టిక్ విగ్రహము. ముందువైపు అద్దమువంటి రేకు గల అట్టపెట్టె. పెట్టెలో బొమ్మకు ప్రక్కగా మార్చి తొడుగుటకు మూడు జతల చేతులు, వేఱొక ముఖము, భుజములకు కట్టు ఎఱ్ఱని వస్త్రము, నిలువబెట్టుటకొక పీట. బాలుడు పెట్టెను తెఱవలేదు. తెఱచినచో వెల తగ్గిపోవునని మేనమామ చెప్పెనట. తక్కినవారు ఊరకుందురా? తెఱవని బొమ్మ బొమ్మయే కాదని కొందఱును, తెఱచినచో ఆ చేతులు వారము దినములలో కనబడకుండ పోవునని కొందఱును వాదించి, తుదకు తీర్పునకై మా యొద్దకు వచ్చిరి.

మేమా దినమున తీర్పు చెప్పలేదు. అయితే అదే మాసమున వేఱొక వీరుని బొమ్మకు వెల కట్టవలసిన పని మాకు తటస్థించెను. అది బాలుర వేడుక గాదు. ఒక కుటుంబముయొక్క అక్కఱ అందు ఇమిడి యుండెను. ఒక బొమ్మను దాని పరికరములతో గూడ ఎట్లు పరీక్షింపవలయునో మేము నేర్చుకొన్నది అక్కడనే. కావున ముందుగా ప్లాస్టిక్ వీరుని సంగతి కొంచెము చెప్పి, పిమ్మట మన నేల వీరునికడకు వచ్చెదము.

ఈ విదేశపు వీరులలో మొదటివాడని చెప్పదగిన సూపర్ మాన్ 1938వ సంవత్సరమున అమెరికా దేశపు బొమ్మల పత్రికలో ప్రత్యక్షమయ్యెను. అయితే వీరుడు కాగితము దిగి బాలుర చేతిలోనికి కీళ్లు గల విగ్రహముగా వచ్చుటకు చాలకాలము పట్టెను. 1964లో హాస్బ్రో అను సంస్థ సుమారు అడుగు పొడవు గల జి.ఐ. జో అను సైనికుని అమ్మకమునకు పెట్టినపుడు, మగపిల్లలు ఆడపిల్లల బొమ్మలతో ఆడరేమోయను శంకచే దానిని బొమ్మ యని పిలువక యాక్షన్ ఫిగర్ అని క్రొత్త పేరు పెట్టెను. పేరు మార్చిన మాత్రమున బొమ్మ బొమ్మ గాకపోవునా? అయినను ఆ పేరే నిలిచినది. 1966లో ఐడియల్ అను మఱియొక సంస్థ కెప్టెన్ యాక్షన్ అనువానిని తెచ్చెను. వానికి సూపర్ మాన్, బాట్ మాన్ మొదలగువారి వేషములు వేఱుగా అమ్మెడివారు. బొమ్మ యొకటే, వేషములు అనేకములు. 1972 నుండి మీగో అను సంస్థ ఎనిమిదంగుళముల వీరులను గుడ్డ దుస్తులతో చేసి అమ్మెను. హైదరాబాదునందు పుట్టిన ఛోటా భీమ్ 2008 నుండి టెలివిజనునందు కనబడుచు, మన అంగళ్లలో సహితము బొమ్మయై కూర్చుండెను.

వీనిని కూడబెట్టువారు పరీక్షించు పద్ధతి మిక్కిలి సూక్ష్మమైనది. జి.ఐ. జో కుడిచేతి బొటనవ్రేలికి గోరు తప్పు వైపున నుండును. దానిని ఇతరులు దొంగచాటుగా అచ్చు తీసినచో పట్టుకొనుటకు ఆ తప్పు గుఱుతుగా ఉపకరించినది. నేడు పాతబొమ్మ నిజమైనదా కాదా యని చూచువాడు మొదట ఆ బొటనవ్రేలినే చూచును. ఇక పరికరముల మాట. 1978లో కెన్నర్ అను సంస్థ ఒక ప్రసిద్ధ చలనచిత్రమునందలి మరుగుజ్జు పాత్రకు మొదట పలుచని ప్లాస్టిక్ ముసుగు తొడిగి, కొలది కాలమునకే దానిని మాని గుడ్డముసుగు తొడిగెను. బొమ్మ యొకటే, కాని ప్లాస్టిక్ ముసుగుది దొరకుట అరుదు గావున దాని వెల గుడ్డముసుగుదానికంటె అనేక రెట్లు పెరిగెను, నకిలీ ముసుగులును పుట్టెను. అదే సంస్థ 1977 క్రిస్మసు పండుగకు బొమ్మలు సిద్ధము గాకపోగా, తరువాత పంపెదమని హామీపత్రము పెట్టిన ఖాళీ అట్టను అమ్మెను, జనులు కొనిరి. మేనమామ చెప్పినది అబద్ధము గాదు. ఆ లోకమున పెట్టెకును బొమ్మకును భేదము లేదు. ఎవ్వరును ముట్టనిది ఉత్తమము. ఆడి చేతులు పోగొట్టుకొన్నది అధమము.

ఈ కొలతనే వెంటబెట్టుకొని మేము తోలుబొమ్మ నొద్దకు పోతిమి. అది అక్కడ చెల్లలేదు.

గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి మైదానమున ప్రత్తితీతలు ముగిసి, కల్లములలో మిరపకాయలు ఎఱ్ఱగా ఆరుచు, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడు దినములలో తోలుబొమ్మలవారు ఊరికి వచ్చుట మా బాల్యమున మేమెఱుగుదుము. శివరాత్రి జాగారమునకు వారి ఆట తప్పక యుండెడిది. రెండు తెల్లని పంచెలను ఈతముళ్లతో గ్రుచ్చి కలిపి తెఱ కట్టెడివారు. వెనుక దీపము, దీపమునకును తెఱకును నడుమ బొమ్మ. పూర్వము ఆముదపు దీపములట. మేము చూచునప్పటికి విద్యుద్దీపము వచ్చెను. హార్మోనియము, మృదంగము, తాళములు మ్రోగుచుండగా, రాక్షసులు నడచునపుడు ఆటగాండ్రు కాలిక్రింది చెక్కలను దడదడ త్రొక్కెడివారు. కథాభాగము బహుశః 13వ శతాబ్దమున గోన బుద్ధారెడ్డి ద్విపదలో రచించిన రంగనాథ రామాయణమునుండి. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించెడివారు. ఈ ఆట నిన్న మొన్నటిది గాదు; పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందే బొమ్మలాట ప్రసక్తి గలదు. ఆ రాత్రులలో మా యీడు పిల్లలు ఎవ్వరికొఱకు నిద్ర మాని కూర్చుండెడివారో చెప్పనక్కఱలేదు. శ్రీరాముడు వచ్చినపుడు పెద్దలు చేతులు జోడించెడివారు. హనుమంతుడు వచ్చినపుడు పిల్లలు లేచి నిలుచుండెడివారు.

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలిక అట్టి బొమ్మలాటవారి యింటిది. నరసరావుపేటకు కొంత దూరముననున్న పల్లె వారిది. ఇంటిలో వారు మాటలాడునది మహారాష్ట్రమునకు దగ్గఱయైన ఆరె భాష, వీథిలో తెనుగు. తండ్రి మిర్చి యార్డునందు బస్తాలు మోయును. తాతగారికి డెబ్బదియేండ్లు దాటెను. ఆట మానివేసి చాల యేండ్లాయెను. బొమ్మల కట్ట మాత్రము అటుకమీద నున్నది. పట్టణమునుండి యొక వర్తకుడు వచ్చి కట్టనంతయు విప్పించి చూచి, హనుమంతుని యొక్కనిని అడిగెనట. ఇచ్చెదనన్న మొత్తము తండ్రి మూడు నెలల కూలికి సమానము. బాలిక అన్నకు పాలిటెక్నిక్ రుసుము కట్టవలసిన దినములవి. తాతగారు మనుమరాలిచేత మాకు కబురంపిరి: “అయ్యగారు చదువుకున్నోరు గదా, ఒకసారి వచ్చి చూసి, అది న్యాయమైన ధరో కాదో చెప్పమనమ్మా.”

ఒక శనివారము మధ్యాహ్నము ఆరుగురు విద్యార్థులతో మేము వెళ్లితిమి. పెట్టె తెఱవని బాలుడును వారిలో నుండెను. తాతగారు చాపలో చుట్టక, రెండు ఈతచాపల నడుమ పఱచి కట్టిన కట్టను దింపించి, ఒక్కొక్క బొమ్మనే తీసి నేలపై పఱచిరి. మేము లెక్కింపగా ముప్పదికి పైగా నుండెను. హనుమంతులు ముగ్గురు: అశోకవనమునందు చెట్టుకొమ్మపై గూర్చుండుటకు మూరెడు పొడవువాడొకడు; రావణునితో తలపడుటకు మనిషి భుజము నందుకొను వాడొకడు; పర్వతమును చేతబట్టి యెగురువాడొకడు. వర్తకుడు అడిగినది రెండవవానిని.

మొదట తోలు చూడవలయును. ఇది చెప్పులు కుట్టు తోలువలె తంగేటిచెక్కతో పదను పెట్టినది గాదు. మేకతోలును ఉప్పునీటిలో నానవేసి, వెండ్రుకలును లోపలి పొరలును గీకి, బిగియలాగి ఆరబెట్టినచో అది పలుచని కొమ్ము వలె అగును. వెలుతురు దానిగుండ ప్రవేశించును. పూర్వము దేవతాపాత్రలకును ముఖ్యవీరులకును జింకతోలు వాడెడివారు. అది గట్టిదియు దెబ్బలకు నిలుచునదియును. రావణునికి ఒక చర్మము చాలదు. దేహమునకొకటి, కాళ్లకొకటి, ఇరువైపుల చేతులకు రెండు, నాలుగైనను కావలయును. ఇక్కడ నొక ముఖ్యవిషయము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట జింకను వేటాడుటయు దాని చర్మముతో వ్యాపారము చేయుటయు నేరము. కావున ఎవ్వడైనను ‘ఇది పాత జింకతోలు బొమ్మ’ యని గొప్ప చెప్పి అమ్మజూచినచో, కొనువాడు మురియుటకు మాఱుగా వెనుకకు తగ్గవలయును. ఈ హనుమంతుడు మేకతోలువాడే. కిటికీకి ఎదురుగా ఎత్తి చూచితిమి. నడుమ వెన్నెముక జాడ కొంచెము ముదురు రంగుగా, ఇరువైపుల లేతగా కనబడెను. సన్నని నరముల గీతలును ఉండెను. అచ్చుపోసిన ప్లాస్టిక్ రేకున ఈ గీతలుండవు. తోలు ఒకే దళసరిగా నున్న బొమ్మను చూచినచో అనుమానింపవలయును.

ఇక్కడనే మేమొక పొరపాటు చేసితిమి. బొమ్మపై దుమ్ము పేరుకొనియుండగా తడిగుడ్డతో తుడువుమని ఒక విద్యార్థికి చెప్పితిమి. అతడు కాలిమడమ తుడుచుచుండగనే ఆ అంచు అప్పడము వలె వంకరపోయెను. పదను పెట్టని తోలు నీరు పీల్చి మరల పచ్చితోలు కాజూచునను సంగతి మాకు తోచలేదు. తాతగారు కోపింపలేదు. “నీళ్లు తగలగూడదయ్యగారూ, దీనికి నీళ్లు పడవు” అని మాత్రమనిరి. మడమను రెండు పలకల నడుమ నుంచి పైన సన్నికల్లు పెట్టించిరి. సాయంకాలమునకు చాలవఱకు చక్కబడినది, పూర్తిగా చక్కబడలేదు. పరీక్షింప వచ్చి వస్తువును చెడగొట్టినవారిలో మేమును ఒకరమైతిమి. పొడిగుడ్డయో మెత్తని కుంచెయో తప్ప మఱియేదియు దీనికి తగదని చదువరులు గ్రహింతురుగాక.

రెండవది రంధ్రములు. పగటివేళ నేలపై పఱచిన తోలుబొమ్మను చూచి దాని యందమును నిర్ణయించుట, పాటగాని నోరు మూయించి పాటను మెచ్చుకొనుట వంటిది. గదితలుపులు మూసి, వెనుక దీపము పట్టించితిమి. అప్పుడు కిరీటము, భుజకీర్తులు, హారములు, దట్టీ యంచు అన్నియు చుక్కలు చుక్కలుగా వెలిగెను. బొమ్మకు తెల్లరంగు పూయరు. తెలుపు కావలసినచోట తోలును తొలచి వెలుతురునే తెలుపుగా వాడుకొందురు. గుండ్రని మొన, అర్ధచంద్రపు మొన, గింజవంటి మొన గల చిన్న ఉలులను నిలిపి ఒక్కొక్క రంధ్రమును సుత్తితో కొట్టుదురు. ఇందు చూడవలసినది రంధ్రముల సంఖ్య గాదు. ముత్యాలదండలో రంధ్రములు మెడదగ్గఱ చిన్నవియై రొమ్ముమీదికి వచ్చుకొలది పెద్దవి కావలయును, అంచులు చిరుగరాదు, ఒక రంధ్రమునకును మఱియొకదానికిని నడుమ తోలు మిగులవలయును. ఆభరణముపై మోజుతో రంధ్రములు దగ్గఱగా కొట్టిన బొమ్మ చూచుటకు జాలరగా నున్నను యుద్ధమున చిరిగిపోవును. ఈ హనుమంతుని రొమ్మున రంధ్రములు తక్కువ, తలపై ఎక్కువ. దెబ్బలు రొమ్మునకే గదా తగులును!

రంగును గూర్చి ఒక్కటే పరీక్ష: బొమ్మను త్రిప్పి చూడుడు. రంగు రెండువైపుల నుండవలయును; ఏలయన వీరుడు కుడికిని ఎడమకును తిరుగును. మఱియు ఆ రంగు అద్దకముగా తోలులో ఇంకియుండవలయును గాని, పైన పేరుకొనియుండరాదు. తలుపులకు వేయు నూనెరంగు పూసిన బొమ్మ పగలు మెఱయును. దీపమునకెదురుగా బొగ్గుముద్ద యగును. నేడు గోడకు తగిలించుటకై అమ్మువానిలో కొన్ని ఇట్టివి గలవు. మేము చూచిన హనుమంతుడు పచ్చనివాడు. ముఖమున ఎఱుపు, గీతలు నలుపు. దీపమునకెదురుగా పట్టినపుడు ఆ పచ్చదనము లేతమామిడాకు వలె నుండెను.

మూడవది కీళ్లు. ప్లాస్టిక్ వీరుని కీళ్లను లెక్కించి గొప్ప చెప్పుకొనుట బాలురకు అలవాటు. తోలువీరునికిని లెక్క గలదు. ఇతనికి మెడయొద్ద, భుజములయొద్ద, మోచేతులయొద్ద, మణికట్లయొద్ద, తొడలయొద్ద, మోకాళ్లయొద్ద కీళ్లుండెను. తోక వేఱుముక్కగా చేసి నడుమునకు కట్టియుండెను. రెండు ముక్కలను ఒకదానిపై నొకటి పెట్టి, రంధ్రమునుండి దారము తీసి ఇరువైపుల ముడి వేసిన అది కీలు. ముడి బిగువైనచో చేయి మొద్దుబాఱును, వదులైనచో వ్రేలాడును. బొమ్మను నిలువున పట్టి ఒక్కమాఱు కదలించి విడిచిపెట్టినచో, చేయి రెండు మూడు ఊపులు ఊగి నిలుచుట మంచి కీలునకు గుఱుతని తాతగారు చూపిరి. మా పెట్టెబాలుడు వెంటనే, “మా దానికి ఎక్కడ పెడితే అక్కడే నిలబడుద్దండీ” అనెను. అదియే భేదము. ప్లాస్టిక్ వీరుడు ఒక భంగిమలో నిలుచుటకు చేయబడినవాడు; తోలువీరుడు నిలువకుండుటకు చేయబడినవాడు.

ఇక పరికరములు. వర్తకుడు బొమ్మను మాత్రము అడిగెనని చెప్పితిమి గదా. ఆ బొమ్మతో ఏమేమి పోవలయునో, ఏవి పోయినచో అది కుంటిదగునో చూచితిమి. తలనుండి క్రిందివఱకు నడుమ పోవు వెదురుబద్ద బొమ్మకు వెన్నెముక. చీల్చిన బద్ద నడుమ తోలును ఇఱికించి దారముతో కట్టుదురు. క్రింద పిడియై మిగులును. చేతులను ఆడించు సన్నని పుల్లలు రెండు. వీనిని ఊడదీసి మఱియొక బొమ్మకు తగిలింపవచ్చును. గద వేఱు. పర్వతము వేఱు. బొమ్మను తెఱపై కదలకుండ నిలుపుటకు గ్రుచ్చు ఈతముళ్ల పొట్లము వేఱు. తాతగారు పొట్లము విప్పి చూపుచు, ఈ ముళ్లు తమ తండ్రినాటివి కావనియు, ఏటేట క్రొత్తవి కోసుకొందుమనియు నవ్వుచు చెప్పిరి. కూడబెట్టువాడైనచో పాతముళ్లేవి యని అడిగియుండును! కాలిక్రింద త్రొక్కు చెక్కలు రెండు అటుకమీదనే యుండెను. వానిలో నొకటి నడుమ పగిలియుండెను. ఆ చెక్కల చప్పుడు లేనిదే హనుమంతుని అడుగునకు బరువు లేదు. చెక్కలను పరికరములలో చేర్పవలయునా? మేము చేర్చితిమి. అట్లు చేర్చుకొనుచు పోగా చిన్న హనుమంతుడును పరికరమే యయ్యెను. రావణుడును పరికరమే యయ్యెను. ఎదిరి లేని మల్లుడు ఎవ్వనితో పోరును? తుదకు పరికరములకు హద్దు దొరకక కట్టనంతయు ఒకే వస్తువుగా వ్రాసికొంటిమి.

అన్నిటికంటె చిక్కైనది కుడిచేయి. దీపమునకెదురుగా పట్టినపుడు ఎడమచేయి పచ్చగాను, కుడిచేయి ఇంచుక పసుపుపచ్చగాను కనబడెను. కడియపు రంధ్రములు ఎడమ చేతికి గుండ్రనివి, కుడిచేతికి గింజవంటివి. భుజముకడ రెండు అతుకులు, దేహమునందు నాలుగు. మా పెట్టెబాలుడు, “ఇది ఒరిజినల్ కాదండీ, చెయ్యి మార్చేశారు” అనెను. వర్తకుడును ఆ మాటయే చెప్పి వెల తగ్గించెనట. మేమును తల యూచియుందుము గాని, అంతలో తాతగారు చేతిని కీలుకడ పట్టుకొని చెప్పిరి: “కొట్టే చెయ్యండీ ఇది. రాత్రికి వెయ్యిసార్లు లేస్తది. మా నాయన ఒకటి చేశాడు, నేనొకటి చేశాను. ఇది మూడోది.” పిమ్మట ఎడమ అఱచేతిని చూపిరి. అది మొదటిదే. అందు తెఱకు ఒఱసిన అరుగుదల లేదు.

అప్పుడు మేము బొమ్మనంతయు మరల మొదటినుండి చూచితిమి. నుదుటను తోకచివరను ముల్లు గ్రుచ్చిన సన్నని బెజ్జములు. వీపువైపున, దీపము చేరువగానుండు ప్రక్కన, ఆముదపు మసి. వెదురుపిడి చేయి పట్టి పట్టి నున్నబడి తేనెరంగు తిరిగినది. ప్లాస్టిక్ వీరుని పెట్టెపై గీత పడినచో వెల తగ్గును. ఇక్కడ గీతయే సాక్ష్యము. అరుగుదల ఉండవలసిన చోట ఉన్నదా, ఉండరాని చోట లేదా యని చూడవలయును. క్రొత్తబొమ్మకు పొగపెట్టి పాతదని అమ్మువాడు మసిని ఇరువైపుల పట్టించును. పిడిని నున్న చేయడు. కొట్టు చేతికిని ఊరకయుండు చేతికిని భేదము చూపడు. ఈ బొమ్మకు చేయి మాఱుట దోషము గాదు. మాఱకుండుటయే దోషమై యుండెడిది, అది ఎన్నడును ఆడలేదని తెలియును గావున.

ఒక్కమాట ఇతరసీమలను గూర్చియు. కేరళమునందలి తోల్పావకూత్తు బొమ్మల నీడ నల్లగా పడును. అక్కడ రంగు ముఖ్యము గాదు. ఒరిస్సాయందలి రావణచ్ఛాయ బొమ్మలకు కీళ్లే లేవు. జావాద్వీపమున దున్నపోతు తోలుతో చేయు వాయాంగ్ బొమ్మలకు చేతులు మాత్రమే కదలును. పిడి దున్నకొమ్ముతో చేయుదురు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2003లో ఆ కళకు విశ్వఖ్యాతి కల్పించెను. మన బొమ్మలు పొడవున నాలుగు మొదలు ఆఱడుగులవఱకు నుండి, నిలువెల్ల రంగుతో వెలుగుచు, కాళ్లు సహితము ఆడించును. కావున జావాబొమ్మను చూచు కంటితో మనదానిని చూచి సన్నదనము చాలదనుట తగదు. దేని పని దానిది.

వెల సంగతికి వత్తము. తాతగారు అడిగినది సూటి ప్రశ్న. మేము సూటిగానే చెప్పయత్నించితిమి. గోడకు తగిలించు పటముగా చూచినచో వర్తకుడిచ్చెదనన్నది అన్యాయమైన ధర గాదు. కాని హనుమంతుడు పోయిన పిమ్మట మిగిలిన ముప్పదింటితో సుందరకాండ ఆడుట ఎట్లు? ఆ కట్టకు వెల అప్పుడు సగము గాదు, అంతకంటె చాల తక్కువ. విక్రయింపక తప్పనిచో కట్టనంతయు, పుల్లలతో, గదతో, చెక్కలతో, ఏ బొమ్మ ఏ ఘట్టమునకో తాతగారిచేత చెప్పించి వ్రాసిన జాబితాతో, ఒక వస్తుప్రదర్శనశాలకు ఇచ్చుట మేలని చెప్పితిమి. రెండవ మార్గమును గలదు. అనంతపురము ప్రాంతమున ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటయందు ఈ కులవృత్తివారు దీపపు గుమ్మటములు, గోడపటములు చేసి అమ్ముకొని జీవించుచున్నారు. ఆ గ్రామమువారైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. ఆంధ్రప్రదేశపు తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపును లభించినది. పాతబొమ్మను అమ్ముటకు మాఱుగా దానిని చూచి క్రొత్తదానిని కోసి అమ్మవచ్చును గదా యంటిమి.

“కోసేదెవరండీ? నాకు కళ్లు ఆనట్లేదు. వీడికి ఉలి పట్టటం రాదు” అని తాతగారు కుమారునివైపు చూచిరి. అప్పుడు మా విద్యార్థిని లోపలికి పోయి, ఒక చిలుకను తెచ్చి మా చేతిలో పెట్టెను. అఱచేయంత తోలుముక్క; రెక్కకు మూడు వరుసల రంధ్రములు. దీపమునకు పట్టి చూచితిమి. మొదటి వరుస వంకర. రెండవది కొంత నయము. మూడవది తిన్నగా నున్నది. తాతగారు దానిని చాలసేపు కంటికి దగ్గఱగా పెట్టుకొని చూచి, మూడవ వరుసను వ్రేలితో తడవి, ఏమియు ననక మనుమరాలికి ఇచ్చివేసిరి.

భద్రపఱచుటను గూర్చి ఆ యింట విన్నది కూడ వ్రాసెదము, మన విద్యార్థుల యిండ్లలో నిట్టివి యుండవచ్చును గనుక. తోలుబొమ్మను మడవరాదు, చుట్టరాదు. చదునుగా పఱచి చాపల నడుమ నుంచవలయును. వానకాలమున ప్లాస్టిక్ సంచిలో కట్టినచో చెమ్మ లోపలనే నిలిచి బూజు పట్టును. ఎండలో ఆరబెట్టినచో బిఱుసెక్కి పగులును, నీడను గాలియాడనీయవలయును. ఎండిన వేపాకు పురుగును దూరముంచును గాని ఎలుకను ఆపలేదు, అందుకే అటుక. మరమ్మతుకు జిగురుకాగితము వాడరాదు. తోలుముక్కను దారముతోనే కుట్టవలయును.

అన్నకు కట్టవలసిన రుసుములో కొంత బంధువులవద్ద చేబదులుగా దొరకెను. మిగిలినదానికి కళాశాలవారు గడువిచ్చిరి. వర్తకుడు మరల వచ్చి, కట్ట విడదీయమని విని, చేతిఫోనుతో హనుమంతుని ఛాయాచిత్రములు తీసికొని, మిరపకోతలు ముగిసిన పిమ్మట వత్తునని చెప్పి పోయెను. ఈసారి ఎక్కువ ఇచ్చుననియే తాతగారి తలంపు. ఇచ్చినచో ఏమి చేయుదురని మేము అడుగలేదు. మా ఎనిమిదవ తరగతి బాలుని పెట్టె నేటికిని తెఱవబడలేదు. హనుమంతుని మడమ ఇంకను ఇంచుక వంకరగనే యున్నదని బాలిక చెప్పుచున్నది.